గొంతు వినపడేంత దూరం

జూన్ 4

అక్కా,

ఇది నీకు అందేసరికి మీ నాటకాల లారీ ఇంకో ఊరికి కదిలిపోతుందేమోనని భయపడుతూనే మొదలుపెడుతున్నాను. పోయినసారి నేను రాసింది నువ్వు ఖాళీ చేసిన లాడ్జికొకసారి, నువ్వింకా దిగని లాడ్జికొకసారి వెళ్ళి, ఒళ్ళంతా ముద్రలు వేయించుకుని మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నువ్వు ముందు కోప్పడి తర్వాత వింటావు. నేను ముందు ఏడ్చి తర్వాత చెప్తాను. కాగితం మీద అయితే ఇద్దరం కాస్త మనుషుల్లా ఉంటాం.

సంగతేంటంటే, మా కుక్కల షెల్టరు మూసేస్తున్నారు. షెడ్డు ఓనరు అక్కడ గోడౌన్ కడతాడట, వానలు ముదిరేలోపు ఖాళీ చేయమన్నాడు. కుక్కపిల్లల్ని జనం ఎగబడి తీసుకెళ్ళారు. కాలు విరిగిన నల్లదాన్ని కూడా ఒక పిల్ల మారాం చేసి పట్టుకుపోయింది. ఇంక మిగిలింది తాత ఒక్కడే.

కంగారుపడకు, మన తాతలిద్దరూ ఎప్పుడో పోయారు. ఈ తాత కుక్క. మూతి తెల్లబడిపోయింది, వెనక కాళ్ళు వంకరపోయాయి, కళ్ళ మీద పాలపొర. అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోతూ బాల్కనీలో పెట్టి తలుపేసుకుని పోయారు. పక్కింటివాళ్ళు చెప్తే మేం తాళం పగలగొట్టి తెచ్చాం. అప్పట్నించీ తాత కూర్చోడు. ఒక గోడ దగ్గర్నించి ఇంకో గోడ దాకా, మళ్ళీ వెనక్కి, పొద్దస్తమానం అదే నడక. నిలబడే కునుకు తీస్తాడు, ఉలిక్కిపడి మళ్ళీ నడుస్తాడు. చూసి చూసి నాకూ కాలు నిలవడం మానేసింది.

రెండు ఇళ్ళలో పెట్టి చూశాను. రిటైరైన లెక్కల మాస్టారు వారానికే తెచ్చి దింపేశారు. "అమ్మా, మేమిద్దరం నిద్రపోయి వారమైంది. దీనికి మేం కాపలానో, మాకు ఇది కాపలానో తేలడం లేదు" అన్నారు. తర్వాత బేకరీ ఆవిడ తీసుకెళ్ళింది. వెనక తలుపు తీసి ఉంటే తాత చక్కా బయటికి నడిచిపోయాడు. రోజంతా వెతికితే బస్టాండులో బెంచీ కింద దొరికాడు. ఎవరూ తీసుకోకపోతే వేరే ఊళ్ళో పెద్ద షెల్టరుకి పంపేస్తారు. నేను ఆ చోటు చూశాను. వరసగా సిమెంటు గదులు, ఒక్కో కుక్కకి ఒక్కోటి. ముసలివాటిని చూడ్డానికి అక్కడికి ఎవరూ రారు.

మీ నాటకం వాళ్ళలో ఎవరైనా తీసుకుంటారేమో అడిగి చూడు. ఇంకో మాట. మొన్న ఒకాయన వచ్చి చూసి వెళ్ళాడు. నీకు బాగా తెలిసినాయనే. ఇంకా ఏమీ తేలలేదు, తేలాక రాస్తాను.

నీ,
పిచ్చుక

జూన్ 15

ఒసేయ్ పిచ్చుకా,

నీ ఉత్తరం ఈసారి నాకంటే ముందే లాడ్జికి వచ్చి కూర్చుంది. మేనేజరు దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు, అందుకే రెండో పేజీలో సగం అలుక్కుపోయింది. అయినా చదవాల్సింది చదివాను.

ఒకాయన వచ్చి చూసి వెళ్ళాడా! కుక్కనా, నిన్నా? కుక్కని చూడ్డానికి వచ్చినవాడి గురించి "ఇంకా ఏమీ తేలలేదు" అని ఎవరూ రాయరు. నన్ను మభ్యపెట్టాలంటే నువ్వింకా చాలా నేర్చుకోవాలి. నాకు బాగా తెలిసినాయనంటే, అమ్మావాళ్ళ పాత వీధిలో ఫోటో స్టూడియో అబ్బాయేనా? నెమ్మదస్తుడు. నీ వాగుడికి అలాంటివాడే కరెక్టు. తొందరపడకు, అలాగని మరీ నానబెట్టకు. నాలాగా తొందరపడి తర్వాత తీరిగ్గా కూర్చుని ఏడవద్దనే చెప్తున్నాను.

ఇక్కడి సంగతులు చెప్పాలంటే, మా రాజుగారు మళ్ళీ లావయ్యారు. అంగీ కుట్లు విప్పి పక్కల్లో పట్టీలు వేశాను. ఇంక విప్పడానికి గుడ్డ లేదు, "ఇప్పుడు మీరే తగ్గాలి, అంగీ పెరగదు" అని చెప్పేశాను. రాణిగారికి అయిదో నెల. నడుం పట్టీ పైకి పైకి కడుతున్నాను, ఇంకో నెలైతే మెడకి కట్టాలి. రాత్రి ఆట, పొద్దున సామాను, మధ్యాహ్నం బస్సు. ఏ ఊరు వచ్చామో లాడ్జి సబ్బు చూసి గుర్తుపట్టాల్సి వస్తోంది.

కుక్క సంగతి అడిగాను. డోలు వాయించేవాడికి కుక్కంటే హడల్. లారీ డ్రైవరు తీసుకుంటానన్నాడు గానీ, వాడి మొహం, వాడు లారీనే సరిగ్గా చూసుకోడు. కాబట్టి మావల్ల కాదు. ఆ ఫోటో అబ్బాయినే తీసుకోమను. కట్నం కింద కుక్కని ఇచ్చినట్టుంటుంది.

అక్క

జూన్ 22

అక్కా,

ఫోటో స్టూడియో అతనికి పెళ్ళై ఇద్దరు పిల్లలు. నువ్వు నవ్వుతావని తెలుసు గానీ నాకు ఇక్కడ నవ్వు రావడం లేదు. తప్పు నాదేలే, తిన్నగా రాయాల్సింది. ఆ వచ్చినాయన బావ.

కాగితం నలిపి పారేయకు. పూర్తిగా చదువు.

మా కుక్కల్ని చూసే డాక్టరమ్మ ఆసుపత్రిలో లిఫ్టు చెడిపోతే బాగుచేయడానికి బావ వచ్చాడు. నేను తాతని కాళ్ళ నొప్పి సూదికి తీసుకెళ్ళి వరండాలో కూర్చున్నాను. తాత అలవాటు ప్రకారం అటూ ఇటూ తిరుగుతున్నాడు. తిరిగి తిరిగి, తెరిచి ఉన్న లిఫ్టులోకి వెళ్ళి బావ సామాన్ల సంచి పక్కన నిలబడ్డాడు. బావ వీణ్ణి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నాలుగేళ్ళయింది కదా మొహాలు చూసుకుని. "బాగున్నావా" అన్నాడు. "ఆఁ" అన్నాను. అంతే. పనయ్యేదాకా తాత ఆ మూలే ఉన్నాడు. బావ పానా తీసుకోవాల్సి వచ్చినప్పుడల్లా వాడి మీద నుంచి వంగి తీసుకున్నాడు గానీ పక్కకి తోయలేదు.

తర్వాతి ఆదివారం షెల్టరుకి వచ్చాడు. గేటు దగ్గర నిలబడి "ఆ ముసలోణ్ణి ఎవరూ తీసుకోకపోతే నేను తీసుకుంటాను" అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "మీ అక్కకి చెప్పి చెయ్యి" అన్నాడు.

అందుకే రాస్తున్నాను. నువ్వు కాదంటే ఇవ్వను. కానీ షెడ్డు పైకప్పు రేకులు ఊడదీయడం మొదలుపెట్టేశారు. నెలాఖరు దాకా నీ జవాబు కోసం చూస్తాను. రాకపోతే ఒప్పుకున్నట్టే అనుకుని తాతని పంపిస్తాను.

పిచ్చుక

జూలై 3

ఇవ్వకు.

నీ ఉత్తరం ఇవాళే చేతికొచ్చింది, మూడు ఊళ్ళు తిరిగి. నెలాఖరు అయిపోయింది. ఇచ్చేసి ఉంటే వెనక్కి తీసుకో.

నాలుగేళ్ళుగా మొహం చూడలేదన్నావు, సరే, నమ్ముతాను. కానీ "మీ అక్కకి చెప్పి చెయ్యి" అంటే ఏమిటో నీకు అర్థం కాలేదా? అది కుక్క కోసం అన్న మాట కాదే పిచ్చిమొహమా. నా చెవిన వేయమని అన్న మాట. తను ఇంత మంచివాడయ్యాడని నాకు తెలియాలి. దానికి ఒక ముసలి కుక్క, మధ్యలో కబురు మోయడానికి నువ్వూ.

బావ అని కూడా రాయకు. ఆ వరస తెగిపోయింది.

అక్క

జూలై 11

అక్కా,

తీసుకొచ్చేశాను. నీకు తృప్తేనా?

నీ ఉత్తరం వచ్చేసరికి తాత ఆ ఇంటికి వెళ్ళి వారం దాటింది. నేను వెళ్ళి తలుపు కొట్టి, "అక్క వద్దంది" అన్నాను. ఎందుకు అని అడుగుతాడేమో, ఏం చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. అడగలేదు. లోపలికి వెళ్ళి తాత మందులు, ఏది ఎప్పుడు వేశాడో రాసి అంటించిన సీసా, కడిగి తుడిచిన గిన్నె, అన్నీ ఒక సంచిలో పెట్టి ఇచ్చాడు. "మాత్ర ఊరికే మింగడు, గుడ్డులో పెట్టివ్వు" అన్నాడు. తాతని మెట్లు దింపి రోడ్డు దాకా తనే ఎత్తుకొచ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. వారం రోజులూ తాత తిరుగుతుంటే వెనకాలే తనూ తిరిగాడని పక్కింటి ముసలావిడ చెప్పింది.

ఇప్పుడు తాత నా గదిలో ఉన్నాడు. ఇంటి ఓనరుకి తెలియకుండా దాచాను. తిండి ముట్టడం లేదు. నడక ఇంకా ఎక్కువైంది, గోడలకి గుద్దుకుంటున్నాడు. డాక్టరమ్మ మళ్ళీ చూసి కళ్ళు దాదాపు పోయినట్టేనంది. పాలపొర మామూలేలే అనుకున్నాం గానీ, వాడికి మనుషులు ఉన్నదీ లేనిదీ కనపడటం లేదట. అందుకే వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. "గొంతు వినపడుతూ ఉండాలి. లేకపోతే మళ్ళీ వదిలేసి పోయారనుకుంటాడు" అంది. నేను పనికి వెళ్ళక తప్పదు. వెళ్ళేటప్పుడు తలుపేస్తుంటే లోపల గోళ్ళ చప్పుడు.

నీ మాట మీద తీసుకొచ్చాను కాబట్టి నువ్వు జవాబు చెప్పాలి. చెల్లెలిగా కాదు, షెల్టరు మనిషిగా అడుగుతున్నాను. కుక్కని ఇచ్చేముందు ఆ మనిషితో కలిసి ఉన్నవాళ్ళని ఎవర్నైనా వాకబు చేయడం మా పద్ధతి. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళు ఉన్నది నువ్వొక్కదానివే. అతను చెయ్యి చేసుకుంటాడా? తాగుతాడా? తలుపేసి పోతాడా? ఉంటే ఉందని రాయి, ఈ జన్మలో ఆ గుమ్మం తొక్కను. లేకపోతే లేదని రాయి. నీకూ అతనికీ కుదరలేదని తాత సిమెంటు గదిలో పోవాలా?

ఏ ఊళ్ళోనూ పదిరోజులు ఆగని నిన్ను ఇంటి గురించి అడగడం నాదే బుద్ధిలేనితనమేమో. అయినా అడుగుతున్నాను.

పిచ్చుక

జూలై 20

పిచ్చుకా,

చివర్లో రాసిన మాటకి నీ చెంప పగలగొట్టాలనిపించింది. రెండుసార్లు చదివాక, మూడోసారి ఊరుకున్నాను. నిజమే కదా.

నువ్వు అడిగినవాటికి వరసగా చెప్తాను. చెయ్యి చేసుకోడు. తాగడు. తలుపేసి పోడు. తొమ్మిదేళ్ళలో నా మీద గొంతు పెంచలేదు. నేను పెంచాను, చాలాసార్లు.

నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నువ్వు పరీక్షల్లో ఉన్నావు, నీకు తెలియదు. జ్వరం దిగేదాకా రాత్రుళ్ళు కుర్చీలోనే కూర్చుని తడిగుడ్డ మార్చాడు. నాకు మెలకువ వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి నుదుటి మీదే ఉండేది. మందు ఒక్క పూట తప్పలేదు. కానీ ఒక్కసారైనా "ఎలా ఉంది" అని అడగలేదు. తెల్లారాక సంచి భుజాన వేసుకుని పనికి పోయేవాడు. నేను పైకప్పు చూస్తూ పడుకుని, ఈ మనిషికి నేను బతకడం కావాలా, లేక జ్వరం అనే చెడిపోయిన సామాను బాగుపడటం కావాలా అనుకునేదాన్ని.

నాన్న పోయిన రోజు గుర్తుందా? ఆసుపత్రి నుంచి తెచ్చేదాకా అన్నీ తనే చూశాడు, కాదనను. ఇంటి నిండా జనం. నేను వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని ఏడుస్తున్నాను. తను వచ్చాడు. నా వైపు చూశాడు. దగ్గరికి వస్తాడనుకున్నాను. వెళ్ళి సంచి తెచ్చుకుని, సింకు దగ్గర కారుతున్న కుళాయి విప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజే నా మనసు విరిగిపోయింది. ఆ తర్వాత ఉన్న రెండేళ్ళూ లెక్కలోకి రావు.

నేను మాటల మనిషినే. అన్నం లేకపోయినా ఉంటాను గానీ మాట లేకుండా ఉండలేను. ఆ ఇంట్లో గడియారం చప్పుడు విని విని, ఆఖరికి రోజూ రాత్రి గొంతు చించుకుని అరిచే ఈ నాటకాల మధ్యకి వచ్చి పడ్డాను. రాజుగారి కేకలకి మిగతావాళ్ళు చెవులు మూసుకుంటారు. నాకు హాయిగా ఉంటుంది.

నువ్వు అడిగింది కుక్క గురించి. కుక్కకి మాట్లాడే మొగుడు అక్కర్లేదు కదా. వేళకి మందు, మెత్తటి పడక, విసుక్కోని చెయ్యి కావాలి. అవన్నీ ఆ ఇంట్లో ఉన్నాయి. ఇంత రాశాక అబద్ధం ఎలా చెప్పను? నీ డాక్టరమ్మ చెప్పిన గొంతు సంగతే అనుమానం. అది మాత్రం ఆ మనిషి వల్ల కాదు. ఒక రేడియో పెట్టమను.

తీసుకెళ్ళి ఇవ్వు. బావ అనే పిలుచుకో, నీ నోరు నీ ఇష్టం. నా పేరు మాత్రం ఎత్తకు.

అక్క

ఆగస్టు 2

అక్కా, అక్కా, అక్కా,

ఇది చదివేటప్పుడు నువ్వు ఎక్కడ ఉన్నా కూర్చో. తాత పడుకున్నాడు! నిలబడి కాదు, నాలుగు కాళ్ళూ చాపుకుని, నోరు తెరుచుకుని, గురక పెట్టి మరీ.

నీ ఉత్తరం అందిన రోజే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చెప్పినవన్నీ బావకి అప్పజెప్పాను. మాత్రలు, మెత్తటి అన్నం, మూలల్లో సామాను జరపకూడదు, గొంతు వినపడుతూ ఉండాలి. ప్రతిదానికీ తలూపాడు. గొంతు దగ్గరికొచ్చేసరికి "ఎంతసేపు?" అన్నాడు, ఏదో మందు మోతాదు అడిగినట్టు. "మెలకువగా ఉన్నంతసేపూ" అన్నాను. రేడియో మాట కూడా చెప్పాను. "రేడియో దగ్గరికి వెళ్ళి ముట్టుకుంటే ఎవరూ ఉండరు కదా" అన్నాడు.

నిన్న చూడ్డానికి వెళ్ళాను. నువ్వు నమ్మవు. ఆ మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు! అన్నం కలుపుతూ, బట్టలు ఆరేస్తూ, బూట్లు తుడుస్తూ. "ఇప్పుడు కిటికీ తీస్తున్నా. ఎండ బాగానే ఉంది. నీ గిన్నె కుడిపక్కన పెట్టా. ఇవాళ అయిదంతస్తుల బిల్డింగులో ఒకావిడ లిఫ్టులో ఇరుక్కుని ఒకటే తిట్లు, నన్ను కాదులే, వాళ్ళాయన్ని..." ఒకటే ధార. పక్కింటి ముసలావిడైతే కొత్తగా ఎవరో అద్దెకి దిగారనుకుందట! పరుపు మంచం మీంచి తీసి నేల మీద వేశాడు, తాత పక్కనే. పనికి వెళ్ళేటప్పుడు లిఫ్టు ఉన్న చోటికల్లా తీసుకెళ్తున్నాడు, స్కూటరు ముందు గంపలాంటిది బిగించి. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. నీకు ఎప్పుడెప్పుడు రాద్దామా అని పరిగెత్తుకొచ్చాను.

ఆ కుళాయి సంగతి. నాకు తెలిసింది వేరు. ఆ రోజు అమ్మ నాన్న పక్కన కూర్చుని, "ఆ చుక్క చుక్క చప్పుడు ఆపండి, పిచ్చెక్కుతోంది" అని రెండుసార్లు అంది. నేను విన్నాను. బావా విన్నాడు. అందుకే వంటింట్లోకి వచ్చాడు. నువ్వు అక్కడ ఉన్నావని తెలిసి రాలేదేమో. అలాగని నువ్వు అనుకున్నది తప్పని కాదు, నాకు తెలిసింది చెప్పాను, అంతే.

సంతోషంగా ఉన్న,
పిచ్చుక

ఆగస్టు 16

అక్కా,

రెండు వారాలైంది. నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఉత్తరం అందలేదా, అందీ కోపం వచ్చిందా? కుళాయి గురించి రాయకుండా ఉండాల్సిందా? ఈమధ్య ఫోన్ కూడా చేశాను. ఎవరో తీసి "అమ్మగారు మిషను మీద ఉన్నారు" అన్నారు. వెనక మిషను చప్పుడు మాత్రం వినపడలేదు.

నువ్వు మళ్ళీ వెనక్కి తెమ్మంటావేమోనని ఒకటే గుబులుగా ఉంది. ముందే చెప్తున్నా, ఆ పని ఇంక నావల్ల కాదు. షెల్టరు నేలమట్టమైంది. నేనిప్పుడు డాక్టరమ్మ దగ్గరే కట్లు కట్టే పనిలో చేరాను. తాతకి ఇంకో ఇల్లు లేదు. తిట్టాలంటే తిట్టు, కానీ రాయి.

పిచ్చుక

ఆగస్టు 25

పిచ్చుకా,

అందింది. రెండూ అందాయి. ఫోన్ తీసినావిడ పక్కనే నేనున్నాను, చెయ్యి ఊపి అలా చెప్పమన్నాను.

నువ్వు సంతోషంతో రాశావని నాకు తెలుసు. కానీ "మాట్లాడుతూనే ఉన్నాడు" అన్న చోట ఆగిపోయాను. ఆ పూట రాణిగారి జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టాను. ఆట మొదలయ్యాక గానీ ఎవరూ చూసుకోలేదు. తొమ్మిదేళ్ళు నేను ఏ మాట కోసం ఆ మనిషి మొహం వంక చూశానో, అది ఒక గుడ్డి కుక్కకి అడక్కుండా దొరికింది. నా ఒళ్ళు ఎలా మండిందో నీకు చెప్పలేను. నాకూ కళ్ళు పోయి ఉంటే బాగుండేదేమో అనుకున్నాను. ఇంత నీచంగా కుక్క మీద ఏడ్చాను.

మా మకాం పోయిన మంగళవారం మీ పక్క ఊరికి వచ్చింది. నీకు చెప్పలేదు. మధ్యాహ్నం బస్సెక్కి తిన్నగా అతని ఇంటికి వెళ్ళాను. పోట్లాడటానికే వెళ్ళాను, నిజం చెప్తున్నా. పాత తెర గుడ్డతో కుక్కకి ఒక పరుపు కుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఉత్త చేతులతో పోట్లాటకి పోవడం బాగోదని.

తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల గొంతు వినపడుతోంది. మెట్ల కింద నిలబడిపోయాను. "ఈ బేరింగు చూడు, అరిగిపోయింది. ఇంకో ఏడాది లాగిద్దాం అంటున్నారు వాళ్ళు. కుదరదు అన్నా. పిల్లలు ఎక్కుతారు కదా. నువ్వేమంటావ్? ఆఁ, అంతే మరి." ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ గొంతు అంత బాగుంటుందని నాకు గుర్తులేదు.

తలుపు కొట్టాను. తీసి, చూసి, పక్కకి జరిగాడు. జుట్టు బాగా పలచబడింది.

"లోపలికి రా."

"రాను. కుక్కని చూసి పోదామని వచ్చా."

"ఇప్పుడే పడుకున్నాడు. లేపనా?"

"వద్దు."

గుమ్మంలోనే నిలబడ్డాం. నాకు నోరు ఆగుతుందా? "దీంతో పొద్దస్తమానం ఏం మాట్లాడతావ్?" అని అడిగేశాను.

"ఏముంది. ఏం చేస్తుంటే అది చెప్తా. వాడికి కనపడదు కదా."

"నాతో చెప్పలేకపోయావ్?"

పాత రోజుల్లోలాగా ఇంక జవాబు రాదనుకుని తిరిగి వచ్చేయబోయాను. అప్పుడన్నాడు. "నీకు కనపడేవి కదా అన్నీ. కనపడేవి చెప్తే ఏం బాగుంటుంది, ఇంకేదో చెప్పాలి అనుకునేవాణ్ణి. ఆ ఇంకేదో నాకు వచ్చేది కాదు."

"నాకు అవి చాలేవి" అన్నాను. "కిటికీ తీశా, ఎండ బాగుంది. అవే చాలేవి."

"ఇప్పుడు తెలుస్తోంది" అన్నాడు.

ఏడవలేదు నేను. అతనూ ఏడవలేదు. లోపల కుక్క కదిలింది. లేచి నాలుగడుగులు వేసి గోడ దాకా వచ్చి ఆగింది. "ఇక్కడే ఉన్నా, తలుపు దగ్గర. మీ అమ్మాయిగారి అక్క వచ్చింది" అన్నాడు దానితో. మీ అమ్మాయిగారంటే నువ్వే. పరుపు తీసి కింద వేశాను. వాసన చూసి దాన్ని దాటుకుంటూ వెళ్ళి అతని కాలి మీద గడ్డం ఆనించి పడుకుంది. నేను అంత కష్టపడి అంచులకి రెండు వరసల కుట్టు వేస్తే!

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక వచ్చింది ఏడుపు. మళ్ళీ వెళ్ళాలని కాదే. ఆ ఇంటికి నేను తిరిగి వెళ్ళను, ఆ ఆలోచన పెట్టుకోకు, నాకు తెలియకుండా ఉత్తరాలూ నడపకు. అతనికి మాట రాలేదు, నాకు ఓపిక లేకపోయింది, అది అయిపోయింది. కానీ ఆ కుక్కకి దొరికింది మంచి ఇల్లే. నీ షెల్టరు వాళ్ళు మళ్ళీ ఎవరైనా అడిగితే నా సాక్ష్యంగా అదే రాసుకో.

ఒక్క పని మాత్రం నీ మీద పెడుతున్నాను. తాత ముసలివాడు. ఈ ఏడో, వచ్చే ఏడో, ఒకరోజు లేవడు. ఆ రోజు అతను నీకు ఫోన్ చేయడు. ఎవరికీ చెప్పడు. తనే ఎత్తుకెళ్ళి పూడ్చి, చేతులు కడుక్కుని, సంచి భుజాన వేసుకుని పనికి పోతాడు. జనం చూసి ఈయనకేం బాధ లేదులే అనుకుంటారు. నేను అనుకున్నట్టే. నువ్వు మాత్రం అనుకోకు. అప్పుడప్పుడూ వెళ్ళి చూసి వస్తూ ఉండు. ఆ రోజు తెలియగానే పని మానేసి వెళ్ళు. ఎలా ఉంది బావా అని అడుగు. జవాబు రాదు. అయినా అడుగు, వచ్చేదాకా అక్కడే కూర్చో.

నేను రాలేను. కానీ నేను ఏ ఊళ్ళో ఉన్నా సరే, ఉత్తరం రాస్తూ కూర్చోకు. ఫోన్ చెయ్యి. కోప్పడను, ముందే వింటాను.

అక్క